కంఠస్వరము: స్త్రీ పురుష భేదము



రేడియోలో మాటలాడువారి ముఖము వినువారికి కనబడదు. కంఠమొక్కటియే గాలిలో పయనించి వచ్చి మీ అరుగుమీద కూర్చుండును. అయినను రెండు వాక్యములు చెవిని బడినంతనే మాటలాడునది పురుషుడా, స్త్రీయా యని మీరు మనస్సులో నిర్ణయించుకొందురు. అందులకై మీరు ప్రత్యేకముగా ప్రయత్నింపరు. అది తానై జరిగిపోవును. చాలవఱకు ఆ నిర్ణయము సరియైనదే యగును. కాని కొన్ని కంఠములు ఆ లెక్కకు లొంగవు. పురుషదేహమున బుట్టి స్త్రీగా జీవించువారి కంఠములు కొన్ని. స్త్రీయై యుండి మేఘమువలె గర్జించు కంఠములు కొన్ని. దేవత పూనినప్పుడు తనది కాని స్వరముతో పలుకు కంఠములు మఱికొన్ని. ఇట్టి కంఠములను గూర్చి నేడు మీకు నాలుగు మాటలు మనవి చేసికొందును.

కంఠమునందలి స్త్రీ పురుష భేదము ఎంతవఱకు ప్రకృతి యిచ్చినది, ఎంతవఱకు మనము కల్పించినది యనునది మొదటి ప్రశ్న. ఈ భేదమునకు లొంగని కంఠము గలవారిని మనము గుడిముందర నొకరీతిగను, వీధిలో మఱొకరీతిగను చూచుట న్యాయమా యనునది రెండవ ప్రశ్న.

మొదట ప్రకృతి సంగతి విచారింతము. మన గొంతులో రెండు సన్నని కండరపు మడతలు గలవు. వీనిని స్వరతంతువులందురు. ఊపిరి క్రిందనుండి వచ్చి తాకగా నివి యదరి నాదమును పుట్టించును. వయస్సు వచ్చిన పురుషునిలో ఇవి సాధారణముగా సెకనునకు 100 మొదలు 130 పర్యాయముల వఱకును, స్త్రీలో ఇంచుమించు 200 పర్యాయములును అదరుచుండును. పండ్రెండేండ్లలోపు బాలుని గొంతునకును బాలిక గొంతునకును చెప్పుకోదగిన తేడా యుండదు. తెఱచాటున నుండి పాడించినచో తల్లియు పోల్చుకొనలేదు. పిదప మగపిల్లల రక్తములో హార్మోను అను రసము హెచ్చుటచే వారి స్వరతంతువులు పొడవై, దళసరియై, గొంతు బొంగురుపోయి మంద్రమున నిలుచును. కాబట్టి ఈ భేదము వీణెమీది మంద్రపు తీగెకును సారణి తీగెకును గల భేదము వంటిది. తీగెలు రెండు, వీణె యొక్కటియే.

ఈ వీణెలో మనము సాధారణముగా మీటని తీగెలు కూడ గలవు. తంబురాను శ్రుతిచేసి కన్నులు మూసికొని వినువారికి ఒక వింత తెలియును. మంద్రషడ్జమపు తీగెను మీటినప్పుడు షడ్జముతోపాటు, ఎవరును మీటని అంతరగాంధారము సన్నగా వినబడును. మన విద్వాంసులు దీనిని స్వయంభూ గాంధారమందురు. ప్రతి నాదములోను ఇట్టి సూక్ష్మనాదములు దాగియుండును. నాలుకను, పెదవులను, గొంతును తగినట్లు మలచుకొని, తన కంఠములో దాగిన ఆ సూక్ష్మనాదమును పైకి తెచ్చి వినిపింపగలవాడు ఏకకాలమున రెండు స్వరములు పాడగలడు.

ఇట్లు పాడువారు నిజముగానే గలరు. రష్యాలో చేరిన దక్షిణ సైబీరియాయందు తువా యను చిన్న రాజ్యమున్నది. అచ్చటను, దాని కానుకొనియున్న మంగోలియాలోను గుఱ్ఱములను గొఱ్ఱెలను మేపు కాపరులు ఈ విద్యను ఖూమేయి యందురు. క్రింద తుమ్మెద ఝంకారము, పైన పిల్లనగ్రోవి. రెండును ఒక్క గొంతునుండియే వచ్చును. ఇందులో కర్గిరా యను మఱొక రీతి గలదు. అందు స్వరతంతువులకు పైనున్న మఱొక జత మడతలు కూడ అదరుటచే స్వరము ఒక స్థాయి క్రిందికి దిగి, నేలలోనుండి వచ్చినట్లుండును. టిబెట్టు దేశపు గ్యూతో మఠములోని లామాలు మంత్రపఠనమున ఇంతటి మంద్రస్వరమునే వాడుదురు. 1964వ సంవత్సరమున అమెరికా పండితుడు హస్టన్ స్మిత్ వారి పఠనమును శబ్దగ్రహణము చేయగా, 1967లో శాస్త్రజ్ఞులు దాని రహస్యమును పరిశీలించి ప్రకటించిరి. మంగోలియా దేశపు ఖూమేయి 2010లో ఐక్యరాజ్యసమితికి చెందిన యునెస్కో సంస్థవారి వారసత్వ పట్టికలో చేరెను.

ఇక్కడ నొక విశేషమును గమనింపవలెను. తువా దేశమున ఈ గానము పురుషులదని యొక కట్టుబాటుండెను. స్త్రీ యిట్లు పాడినచో సంతానమునకు హాని కలుగునని పెద్దలు భయపెట్టిరి. అయినను 1998లో చొదురా తుమాత్ అను గాయని మఱికొందఱు స్త్రీలతో గూడి తైవా కైజీ, అనగా తువా కూతుండ్రు, అను మేళమును నెలకొల్పి ఖూమేయి పాడి దేశదేశములు తిరిగెను. కట్టుబాటు సడలినది, మేళము నిలిచినది.

ఇక ఉత్తరధ్రువమునకు సమీపమున మంచునేలలో నివసించు ఇన్యూట్ జాతిని చూడుడు. వారిలోను గొంతునుండి లోతుగా పలుకు కటజ్జక్ అను గానము గలదు. కాని అచ్చట అది స్త్రీలది! ఇద్దఱు స్త్రీలు ఎదురెదురుగా నిలిచి, ఒకరి చేతు లొకరు పట్టుకొని, ఊపిరితోడను హుంకారములతోడను పందెము వేయుదురు. ముందుగా నవ్వినవారు ఓడినట్లు. క్రైస్తవ మతప్రచారకులు దీనిని మాన్పింప జూచినను అది నశింపలేదు. ఆ జాతికి చెందిన తాన్యా తగాక్ అను గాయని ఈ జంటగానమును ఒంటరిగా పాడుటకు పూని, గుసగుసను, గర్జనను, రోదనమును, శిశువు కేకను ఒక్క గొంతున మేళవించి, 2014లో కెనడా దేశపు పొలారిస్ బహుమానమును గెలుచుకొనెను. ఇది పాటయా, పూనకమా, లేక రెండునా యని విన్నవారు విస్తుపోయిరి. ఐరోపాలోను జర్మనీ స్వరకర్త స్టాక్‌హౌజెన్ 1968లో ఆర్గురు గాయకులచేత సూక్ష్మనాదములను, నానాదేశముల దేవతల పేర్లను కలిపి పాడించెను.

ఒక దేశమున పురుషులకే తగినదన్న గానము మఱొక దేశమున స్త్రీలకే చెల్లినది. రెండుచోట్లను గొంతు అదే, ఊపిరి అదే. కావున తీగె పొడవు ప్రకృతి యిచ్చినదే గాని, ఏ తీగెను ఎవరు మీటవలెనన్న నియమము మాత్రము మనుష్యులు పెట్టినది.

దూరదేశముల ముచ్చట చాలును. మన యింటికి వత్తము. నేను నివసించు మారేడ్‌పల్లి సికింద్రాబాదులోని యొక పేట. అచ్చటినుండి ఉజ్జయినీ మహంకాళి దేవాలయమునకు కాలినడకను పోవచ్చును. 1813లో కలరా వ్యాధి ప్రబలినప్పుడు, సైన్యములో డోలీ మోయు సురిటి అప్పయ్య యనునతడు ఉజ్జయినిలో మ్రొక్కుకొని, తిరిగి వచ్చి 1815లో కొయ్యవిగ్రహమును ప్రతిష్ఠించెనని ఆలయ చరిత్ర చెప్పును. ఆషాఢమాసపు బోనముల మఱునాడు అచ్చట రంగము జరుగును. మాతంగి పచ్చికుండపై నిలిచి, అమ్మవారి కెదురుగా భవిష్యత్తు పలుకును. అనేక సంవత్సరములుగా మాతంగి స్వర్ణలత గారు ఈ రంగమును చెప్పుచు వచ్చిరి. పూజారులు ప్రశ్నింతురు, ఆమె బదులు పలుకును. వానలు, పంటలు, రోగములు అన్నియు నందు వచ్చును. ఆ స్వరము సంతలో కూరగాయలు బేరమాడు స్వరము కాదు. ఆ పలుకునకు అధికారులును చేతులు జోడింతురు.

ఆ కంఠము ఆమెదా, అమ్మవారిదా? భక్తుడు అమ్మవారిదనును. శాస్త్రజ్ఞుడు ఆమెదే యనును. ఈ వాదములో తీర్పు చెప్పుట నా పని కాదు. నేను గమనింప గోరునది వేఱు. మన పెద్దలు ఒక మనిషి గొంతులో ఒకటికి మించిన స్వరములు ఉండవచ్చునని యెఱిగిరి. ఎఱిగి, దానికొక తావును, ఒక దినమును, ఒక గౌరవమును ఏర్పఱచిరి.

ఎల్లమ్మకథ చెప్పు బైండ్లవారి జమిడికను మీలో పలువురు విని యుందురు. ఒకవైపు తోలు మూసి, తోలునడుమ తీగె కట్టి, ఆ తీగెను బిగించుచు సడలించుచు మీటుదురు. అది వాద్యమైనను మనిషి మూలిగినట్లు, ఉఱిమినట్లు పలుకును. ఒగ్గుకథలోను అంతే. 2017లో స్వర్గస్థులైన చుక్క సత్తయ్య గారివంటి కథకులు ఒక్క గొంతుతోనే రాజును, రాణిని, కాపరిని, దేవతను ఎదుట నిలిపిరి. విన్నవారెవరును ఇతడు మగవాడై యుండి స్త్రీవలె పలుకుచున్నాడేమి యని తప్పుపట్టలేదు.

నాటకరంగమును చూతము. బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావు గారు సత్యభామగా రంగమునకు వచ్చి పాడినప్పుడు ఆంధ్రదేశము మురిసిపోయెను. 1956లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదము నిచ్చెను. కూచిపూడి భామాకలాపమున వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఆడి పాడిన సత్యభామకు 1970లో అదే గౌరవము లభించెను. ఇంతకన్న పూర్వము విరాటుని కొలువున ఉత్తరకు ఆటపాటలు నేర్పినది బృహన్నల గదా! తిక్కన గారి విరాటపర్వమును చదువుకొన్న మనకు బృహన్నల పేరు పరిహాసము కాదు. అమరకోశములో తృతీయా ప్రకృతి యను మాట పూర్వమునుండియు నున్నది.

గుడిలో అంగీకరించితిమి. రంగస్థలముపై అంగీకరించితిమి. పురాణములో అంగీకరించితిమి. వీధిలో మాత్రము ఏమి చేసితిమి?

హైదరాబాదు సంస్థానమున 1919లో, అనగా 1329 ఫసలీలో, ఒక చట్టము పుట్టెను. హిజ్రాల పేర్లను ఖాతాలో నమోదు చేయవలెననియు, అట్లు నమోదైనవారు స్త్రీవేషమున వీధిలో కనబడినను, బహిరంగముగా నాట్యమాడినను, వాద్యము వాయించినను వారెంటు లేకయే పట్టుకొని రెండేండ్లవఱకు శిక్షింపవచ్చుననియు దాని సారాంశము. స్థానం వారు యౌవనమున నున్న కాలముననే ఈ చట్టమును వెలసినది. తెరయెత్తిన రంగముపై స్త్రీవేషమునకు చప్పట్లు మ్రోగుచున్న దినములలో, వీధిలో అదే వేషమునకు సంకెళ్లు సిద్ధమైనవి! రాజ్యములు మారినను ఈ శాసనము పుస్తకములలో మిగిలియే యుండెను. చిట్టచివరకు 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు ఇది రాజ్యాంగమునకు విరుద్ధమని కొట్టివేసినది. అనగా నూఱేండ్లకు పైబడి ఆడుట, వాయించుట కొందఱికి నేరముగా లిఖింపబడి యుండెను.

చట్టము పోయినను చెవి మారలేదు. ఇందులో కంఠము వలన కలుగు కష్టమును కొంత విప్పి చెప్పవలెను. పురుషదేహమున బుట్టి స్త్రీగా జీవించువారు నేడు వైద్యుల సాహాయ్యమున స్త్రీల హార్మోనులను పుచ్చుకొనుచున్నారు. దానివలన చర్మము, దేహము కొంత మారును. కాని ఒకసారి పొడవైన స్వరతంతువులు మరల పొట్టివి కావు. గొంతు మంద్రముగనే యుండును. స్త్రీగా బుట్టి పురుషునిగా జీవించువారి సంగతి వేఱు. పురుష హార్మోను వారి తంతువులను దళసరి చేయుటచే గొంతు దిగును. కాబట్టి మొదటివారు ప్రధానముగా సాధన చేతనే స్వరమును మలచుకొనవలెను. సంగీతవిద్యార్థి ఉదయమున లేచి సరళీవరుసలు సాధించినట్లు వారు ఒక్కొక్క మాటను సాధింతురు. అంత సాధించినను, దుకాణములో నోరు తెఱచినంతనే పక్కవాడు తిరిగి చూచును. టెలిఫోనులో పేరు చెప్పగానే, "నీవు ఆమెవు కావు" అని అవతలివారు పెట్టివేయుదురు. ఈ కారణమున కొందఱు నలుగురిలో మాటలాడుటయే మానుకొందురు. అన్నము లేమికన్న ఇది తక్కువ బాధ కాదు.

మా వీధులలో బోనములనాడు డప్పుల మ్రోతనడుమ నడచి వచ్చువారిలో హిజ్రాలును గలరు. పట్టుచీరె, పసుపు, వేపమండలు, తలపై బోనము. ఇల్లాండ్రు ఎదురేగి వారి పాదములపై నీళ్లు వార్తురు; బోనమెత్తినవారిలో అమ్మవారుండునని నమ్మకము. ఆ వచ్చినవారు నోరు తెఱచి దీవింతురు. బొంగురు గొంతే, ఆనాడు ఎవరికిని తప్పనిపింపదు. వారము గడచిన పిమ్మట అదే గొంతు అద్దెయిల్లు అడిగినచో తలుపు మూతపడును. నీళ్లు పోసిన చేతులే తలుపు మూయుట నాకు మ్రింగుడుపడని సంగతి.

ఒక హెచ్చరికయు చేయవలెను. దేవత పేరు చెప్పి పేదయింటి ఆడుపిల్లను జోగినిగా వదలిపెట్టు దురాచారమును నేను పొగడుట లేదు. 1988లో ఆంధ్రప్రదేశ్ శాసనము దానిని నిషేధించెను; ఆ నిషేధము న్యాయమైనది. గుడిలో గౌరవమిచ్చి ఊరిలో బ్రదుకు తీసివేయుట గౌరవము కాదు. హిజ్రాల విషయమునను నేను చెప్పునది ఇదియే. ఏడాదికొక దినపు మ్రొక్కు మిగిలిన దినముల తిరస్కారమునకు పరిహారము కాదు.

బళ్లారి సీమ మనకు పొరుగుదేశము. తెలుగు మాటలాడువారు అచ్చట మెండు. ఆ జిల్లాకు చెందిన మంజమ్మ జోగతి గారు మగపిల్లవానిగా బుట్టి, స్త్రీగా బ్రదుకగోరి, ఇంటివారికి దూరమై భిక్షమెత్తుకొని జీవించిరి. పిదప కాళవ్వ జోగతి యను గురువు కడ ఎల్లమ్మ పాటలు, ఆటలు నేర్చిరి. అచ్చటి జోగప్పలు, జోగతులు వాయించు చౌడికె మన జమిడికకు తోబుట్టువే. 2019లో మంజమ్మ గారు కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలైరి. 2021 నవంబరు 9వ తేదీన ఢిల్లీలో పద్మశ్రీ నందుకొనుటకు పోయినప్పుడు, రాష్ట్రపతి కోవింద్ గారి యెదుట నిలిచి తమ కొంగుతో దిష్టి తీసిరి. దేశాధిపతి చేతులు జోడించి దానిని గ్రహించిరి. ఊరూర తిరిగి పాడిన జోగతి దీవెన రాష్ట్రపతి భవనమునకు తగినదైనప్పుడు మన ఊరి రచ్చకు తగదా? కర్ణాటక సంగీత విద్వాంసులు టి. ఎమ్. కృష్ణ గారు జోగప్పలతో గూడి ఒకే వేదికపై పాడిరి. శాస్త్రీయమైన కంఠమును, చౌడికె వెంట పాడు కంఠమును కలిపిన ప్రయోగమది. రెండు శ్రుతులు కలియునని వినువారు గ్రహించిరి.

పెద్దలు కొందఱు అడుగవచ్చును: "వారు అంగళ్లలో చప్పట్లు కొట్టి డబ్బు లాగుదురు, వారినెట్లు గౌరవింతుము?" ఇది విడిచిపెట్టదగిన ప్రశ్న కాదు. పీడించి డబ్బు లాగుట తప్పే. కాని బడినుండి తఱిమి, ఇంటినుండి తఱిమి, పనిలో చేర్చుకొనక, చివరకు చప్పటలొక్కటియే మిగిల్చి, చప్పట కొట్టినారని నిందించుట ఏమి ధర్మము? పని యిచ్చి చూచినవారికి ఫలము కనబడుచున్నది. 2024 డిసెంబరులో హైదరాబాదు నగరమున ట్రాన్స్‌జెండరులను ఎంపికచేసి రాకపోకలను చక్కజేయు పోలీసు సహాయకులుగా నియమించిరి. నడివీధిలో నిలువరాదని శాసించిన నగరముననే నడివీధిలో నిలిచి బండ్లను ఆపుటకు వారికి అధికారము వచ్చెను.

సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15వ తేదీన ఇచ్చిన తీర్పులో వీరిని తృతీయ వర్గముగా గుర్తించి, రాజ్యాంగము అందఱికిని ఇచ్చిన హక్కులు వీరికిని గలవని పలికెను. 2019లో పార్లమెంటు చేసిన చట్టములో నొక నియమము మీవంటి పెద్దలకు ముఖ్యమైనది. ట్రాన్స్‌జెండరు అను కారణమున బిడ్డను తల్లిదండ్రులనుండి వేఱుచేయరాదనియు, బిడ్డ మేలుకొఱకు న్యాయస్థానము ఆజ్ఞాపించినప్పుడే వేఱుచేయవచ్చుననియు అది శాసించెను.

కాని ఇంటి గడపలో జరుగు పని చట్టమునకు తెలియదు, మీకు తెలియును. పదునాలుగేండ్ల పిల్లవాడు ఆడుపిల్లవలె పలుకుచున్నాడనియో, ఆడుపిల్ల మగవానివలె పలుకుచున్నదనియో తండ్రి కఱ్ఱ యెత్తినప్పుడు ఊరిలో మొదట తెలియునది మీకే. తండ్రి సిగ్గుపడునది మీ ముందఱనే. ఊరిపెద్ద యేమనునో యని భయపడి బిడ్డను వెళ్లగొట్టిన ఇంటిలో, ఆ పెద్ద యొక మాట అనియున్నచో బిడ్డ నిలిచెడిది. "పిల్ల గొంతు ఎట్లున్న నేమి, బడికి పంపుము, భజనలో మాతో కూర్చుండబెట్టుము" అని మీరు రచ్చలో పలికినచో చాలును. ఆ మాటకు కాగితము అక్కఱలేదు, ముద్ర అక్కఱలేదు.

భజనగోష్ఠిలో పది గొంతులు కలిసినప్పుడు ఎవరి స్వరము మంద్రము, ఎవరి స్వరము తారము అని ఎంచువారు లేరు. శ్రుతి తప్పిన వానిని దిద్దుదుము. గొంతు వేఱని లేపి పంపము. అదియే మర్యాద మీ ఊరి అరుగుమీదను నడచుగాక యని కోరుచు సెలవు తీసికొందును.